నీడకూ ఒక రంగు: మోనే చిత్రంలో ఎండ, గాలి, ఒక మనిషి

కిందటి ఏడు మాఘమాసంలో తిరుత్తణిలో తెలుగు చదువుకొంటున్న పదిపన్నెండు మంది విద్యార్థులతో ఒక పూట గడిపే అవకాశం వచ్చింది. చెప్పవలసిన పాఠం అలంకారశాస్త్రం. రసం, భావం, విభావం అనే మాటలను పరీక్షకోసం కంఠస్థం చేసినవాళ్ళు వారిలో చాలామందే ఉన్నారు. కాని ఆ మాటలను కంటికెదురుగా ఉన్న ఒక వస్తువు ముందు పెట్టి వాడి చూసినవాళ్ళు లేరు. అందుకని పద్యానికి బదులు ఒక బొమ్మ తీసికొనిపోయాను. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1875లో వేసిన చిత్రం అది. గొడుగు పట్టుకొని నిలబడిన స్త్రీ, పక్కన ఒక పిల్లవాడు. పాత క్యాలెండరునుంచి కత్తిరించి అట్టకు అంటించుకొన్నది. దాన్ని గోడకు ఆనించి, ఏమి కనిపిస్తోందో చెప్పమన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరి వరసలో కూర్చొన్న ఒక అమ్మాయి లేచి, "మొగమే సరిగా లేదే సార్! మొగం లేకుంటే ఇది ఎవరి బొమ్మని చెప్పేది?" అంది. తక్కినవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అది సరైన ప్రశ్న. దానికి అప్పటికప్పుడు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. ఆ రోజు చెప్పవలసినదాన్ని ఇప్పుడు కొంచెం నిదానంగా చెప్పుకొస్తున్నాను.

ముందు బొమ్మలో ఉన్నదేమిటో చూద్దాం. కాన్వాసు సుమారు మీటరు ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. చిత్రంలోని ఆమె మోనే భార్య కమీల్. పిల్లవాడు వాళ్ళ కొడుకు ఝాఁ, అప్పటికి ఏడెనిమిదేళ్ళవాడు. పారిస్ పక్కన సేన్ నది ఒడ్డున ఉన్న అర్జాంతేయ్ అనే ఊళ్ళో మోనే 1871నుంచి 1878వరకు కాపురమున్నాడు. రైలెక్కితే కొద్దిసేపట్లో పారిస్ చేరవచ్చు. పొలాలూ తోటలూ ఇంకా మిగిలి ఉండగానే నగరం వచ్చి మీద పడుతున్న ఊరు. తిరువళ్ళూరునుంచి రోజూ లోకల్ రైల్లో చెన్నైకి పోయివచ్చే విద్యార్థులకు అలాంటి ఊరు ఎలా ఉంటుందో నేను వర్ణించనక్కరలేదు.

ఆ ఊరి దగ్గర ఒక గడ్డిమిట్టమీద ఆమె నిలబడి ఉంది. చిత్రకారుడు మిట్టకు దిగువనుంచి చూస్తున్నాడు. అందువల్ల ఆమె ఆకాశంలోకి లేచినట్లుంటుంది. ఆమె తలకూ గొడుగుకూ వెనుక చెట్లు లేవు, ఇళ్ళు లేవు, మబ్బులు పరుగెత్తే ఆకాశం మాత్రమే ఉంది. పిల్లవాడు మిట్టకు అవతలివైపు కాస్త దూరంగా ఉన్నాడు, నడుము పైభాగమే కనిపిస్తుంది. నడుస్తూ నడుస్తూ ఎవరో పిలిస్తే ఆగి తిరిగి చూసినట్లు ఆమె నిలుచున్న తీరు ఉంది. ముఖానికి అడ్డంగా పల్చని మేలిముసుగు గాలికి కొట్టుకొంటోంది. విద్యార్థిని అన్న మాట నిజమే. కళ్ళు, ముక్కు, నోరు ఉన్నాయా అంటే ఉన్నాయి, కాని నాలుగు కుంచెదెబ్బలతో సరిపెట్టాడు. గడ్డిపరకలకు చూపించినపాటి శ్రద్ధ ఆమె ముక్కుకు చూపించలేదు.

ఇలాంటి బొమ్మ ముందు నిలబడ్డప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: సూర్యుడు ఎక్కడ ఉన్నాడు? ఈమె ఎవరు అనేది తరువాత చూసుకోవచ్చు. చిత్రంలో సూర్యబింబం కనిపించదు. అయినా చోటు తెలుస్తుంది. ఆమె నీడ మనవైపు, గడ్డిమీదకు పడింది. కాబట్టి వెలుగు ఆమె వెనుకనుంచి వస్తోంది. వెనుకవైపు దుస్తుల అంచు తెల్లగా మెరుస్తోంది. మనకు కనిపించే వైపు, అంటే ముఖం, ఛాతీ, దుస్తుల ముందుభాగం, అంతా నీడలో ఉంది. ఇది తెలిశాక ముఖం ఎందుకు మసకగా ఉందో సగం తెలిసినట్లే. మధ్యాహ్నం కిటికీకి వీపు పెట్టి కూర్చొన్న మనిషితో మాట్లాడేటప్పుడు మనకు అతని ముఖం ఎంత కనిపిస్తుంది? పైగా ఇక్కడ గొడుగు నీడ, మేలిముసుగు, గాలి కూడా ఉన్నాయి. మోనే ముఖం వేయలేక వదలలేదు. ఆ చోటునుంచి, ఆ క్షణాన తనకు ఎంత కనిపించిందో అంతే వేశాడు.

రెండో ప్రశ్న: ఆమె తొడుక్కున్నది ఏ రంగు? క్లాసులో అందరూ ఒక్కసారిగా "తెలుపు" అన్నారు. దగ్గరికి వచ్చి చూడమన్నాను. నీడలో ఉన్న భాగంలో నీలం, బూడిద, ఊదా పొరలు ఉన్నాయి. ముంజేతి దగ్గర పసుపు తగిలి ఉంది, కింద ఉన్న గడ్డిపూల రంగు పైకి కొట్టడంవల్ల వచ్చింది. గొడుగు లోపలివైపు పచ్చన. శుద్ధమైన తెలుపు వెనుక అంచున, అక్కడక్కడా మాత్రమే ఉంది. అయినా మనం "తెల్ల బట్ట" అంటాం, సందేహం లేకుండా అంటాం. కన్ను చూసినదొకటి, బుద్ధి చెప్పినది మరొకటి. 1870ల నాటి ఈ చిత్రకారుల గుంపు బుద్ధి చెప్పేదాన్ని కాసేపు ఆపి, కన్ను చూసినదాన్నే పెట్టడానికి ప్రయత్నించింది. 1874లో పారిస్‌లో ఫోటోగ్రాఫర్ నాదార్ స్టూడియోలో వాళ్ళు జరిపిన ప్రదర్శనలో మోనే పెట్టిన ఒక సూర్యోదయ చిత్రం పేరులో "ఇంప్రెషన్" అనే మాట ఉంది. లూయీ లెరువా అనే పత్రికా విమర్శకుడు దాన్ని పట్టుకొని ఎగతాళి చేశాడు. ఎగతాళి మాటే ఉద్యమానికి పేరుగా నిలిచింది. తెలుగులో దీన్ని "అనుభూతివాదం" అనవచ్చు గాని, "అనుభూతి కవిత్వం" అనే వ్యవహారం మన విమర్శలో ఇప్పటికే వేరే అర్థంలో స్థిరపడింది. ఇంప్రెషనిజం అనే వాడుకొందాం. రైలు అన్నాం, బల్బు అన్నాం, ఇదొక భారమేమీ కాదు.

ఇక నీడ సంగతి. ఇక్కడ భాషాశాస్త్రంవాడిని కాబట్టి కొంచెం పక్కదారి పడతాను, ఓపిక పట్టండి.

మీ ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం. రెండింటిలోనూ నీడకు మాట ఒకటే: తమిళం నిళల్, తెలుగు నీడ. రెండూ ఒకే ద్రావిడ ధాతువునుంచి వచ్చినవి. ఎండ దగ్గరికి వచ్చేసరికి దారులు చీలాయి. తమిళంలో వెయిల్ అనే మాట వేడికి సంబంధించిన ధాతువునుంచి పుట్టింది, మన వేడి, వెచ్చన, వేగు దాని చుట్టాలే. తెలుగువాడు "ఎండ" అన్నాడు, ఎండు అనే క్రియనుంచి. అరుగుమీద వడియాలు ఎండడం, ఆరేసిన బట్ట ఎండడం చూసి పెట్టుకొన్న పేరు. ఒకరు ఒంటికి తగిలిన సెగను చూశారు, మరొకరు అది చేసే పనిని చూశారు. ఈ రెండు మాటల్లోనూ కంటికి కనిపించే కాంతి లేదు. దానికి వేరే మాటలున్నాయి: వెలుగు, వెలుతురు. వెల్ల, వెన్నెల మొదలైనవాటిలో ఉన్న "తెలుపు" అనే అర్థమే వీటిలోనూ ఉంది.

వీటన్నిటినీ మించిన మాట సంస్కృతంనుంచి తెచ్చుకొన్న "ఛాయ". దీనికి నీడ అని అర్థం. రంగు అని కూడా అర్థం. చామనఛాయ అంటే చామన నీడ అని ఎవరూ అనుకోరు, ఒంటి రంగు అనే అనుకొంటారు. ఎరుపు ఛాయ, పసుపు ఛాయ అంటాం. ఫోటోను ఛాయాచిత్రం అన్నాం. (తమిళంలో బట్టకు వేసే రంగును "సాయం" అంటారు, వ్యుత్పత్తి విచారణలోకి ఇప్పుడు పోను.) నీడనూ రంగునూ ఒకే మాటతో చెప్పే అలవాటు మన నాలుకమీద ఎన్నాళ్ళనుంచో ఉంది. పత్రికలవాళ్ళు ఏ పథకానికైనా చిక్కు వచ్చినప్పుడు దానిమీద "నీలినీడలు" కమ్ముకొన్నాయని రాస్తారు. రాసేవాళ్ళు ఆ నీలాన్ని ఎప్పుడైనా కళ్ళతో చూశారా అంటే అనుమానమే. చూడవచ్చు. నిజంగానే నీడ నీలంగా ఉంటుంది.

కారణం సులువు. ఎండలో ఉన్న నేలకు రెండు వెలుగులు అందుతాయి: సూర్యుడినుంచి నేరుగా వచ్చేది, ఆకాశమంతటినుంచీ వచ్చేది. మనిషి అడ్డం నిలబడితే మొదటిది ఆగిపోతుంది, రెండోది ఆగదు. కాబట్టి నీడ అంటే వెలుగు లేని చోటు కాదు, ఆకాశపు వెలుగు మాత్రమే ఉన్న చోటు. ఆకాశం నీలం కనుక ఆ వెలుగు నీలం. చుట్టూ ఉన్న ఎండ పసుపు తిరిగి ఉన్నప్పుడు ఆ నీలం మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అంతకుముందు చిత్రకారులు చాలామంది నీడకోసం రంగులో గోధుమనో నలుపునో కలిపేవారు. మోనే, అతని మిత్రులు నలుపును దాదాపు పక్కన పెట్టి నీడలోకి నీలాన్ని, ఊదాను తెచ్చారు.

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. సాయంకాలం కరెంటు పోయినప్పుడు మంచి అవకాశం. ఇంకా ఆకాశంలో కొంచెం వెలుతురు ఉండగా, కిటికీ దగ్గర బల్లమీద తెల్లకాగితం పరవండి. కిటికీకి ఎదురువైపు కొవ్వొత్తి వెలిగించండి. కాగితంమీద ఒక పెన్సిలు నిలబెట్టండి. రెండు నీడలు పడతాయి. ఒకటి నారింజ రంగుకు తిరిగి ఉంటుంది, రెండోది నీలం. కొవ్వొత్తి వెలుగు అందని చోట సందెవెలుగు మాత్రమే మిగిలి అది నీలమవుతుంది. సందెవెలుగు అందని చోట కొవ్వొత్తి రంగు మిగులుతుంది. ఆ రోజు క్లాసులో కరెంటు ఉండడంచేత ఈ పని చేయలేకపోయాను. తరువాత ఇంటిదగ్గర చేసి చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు.

రంగులు పక్కపక్కన చేరినప్పుడు ఒకదానినొకటి మారుస్తాయనే సంగతి చిత్రకారులకంటె ముందు నేతపనివాళ్ళకు తెలుసు. దీన్ని శాస్త్రంగా చెప్పినవాడు షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త. 1824లో పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకం విభాగానికి అధిపతిగా చేరాడు. అక్కడ ఒక ఫిర్యాదు ఉంది: నల్లదారం నేసిన చోట నలుపు వెలవెలబోతోందని. అద్దకంలో లోపమేమో అని వెతికాడు, దారంలో లోపం లేదు. నల్లదారం పక్కన నీలం, ఊదా దారాలు ఉండడంవల్ల కన్ను మోసపోతోందని తేల్చాడు. 1839లో ఆ విషయంమీద పెద్ద గ్రంథం వెలువరించాడు. చిత్రకారుల తరువాతి తరానికి అది బాగా పనికివచ్చింది. తిరుత్తణి చుట్టుపక్కల, పొదటూరుపేటవైపు మగ్గం ఉన్న ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకు ఇందులో వింత ఉండదు. నెమలికంఠం రంగు చీర ఎలా వస్తుంది? ఆ రంగు దారం ఎక్కడా ఉండదు. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు. రెండూ కలిసి కన్ను దగ్గర మూడో రంగు పుడుతుంది, మడత కదిలినప్పుడల్లా మారుతుంది. మోనే గడ్డిని దగ్గరగా చూడండి. పసుపుగీత, ఆకుపచ్చగీత, నీలంగీత విడివిడిగా ఉంటాయి. నాలుగడుగులు వెనక్కు వస్తే గాలికి ఊగే గడ్డి. పాలెట్‌మీద కలపవలసినదాన్ని మన కంటికి వదిలేశాడు. ఇది పడుగూ పేకా పనే.

పనికి కావలసిన సరంజామా కూడా అప్పటికే సమకూడి ఉంది. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మడిచి మూతవేసే లోహపు ట్యూబులో రంగు నింపే ఉపాయం కనిపెట్టాడు. రంగులు నూరుకొనే పని లేకుండా పెట్టెలో వేసుకొని పొలంలోకి పోయే వీలు దానివల్ల కలిగింది. ఈ గొడుగు చిత్రం ఒకే పూటలో, కొన్ని గంటల్లో పూర్తయి ఉంటుందని కళాచరిత్రకారుల అభిప్రాయం. మబ్బులు వేసిన వేగం చూస్తే నమ్మబుద్ధి అవుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ బొమ్మలో ఉన్న ఎండ మన ఎండ కాదు. అర్జాంతేయ్ దాదాపు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉంది. అక్కడ నడివేసవి మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 65 డిగ్రీలకు మించి పైకి రాడు. మనిషి నీడ తక్కువలో తక్కువ అతని ఎత్తులో దాదాపు సగమైనా ఉంటుంది. తిరుత్తణి, తిరువళ్ళూరు 13 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఏప్రిల్ చివరివారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో మరొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడ పాదాల కిందికి పోయి దాక్కొంటుంది. ఆ వెలుగులో ముఖం చూస్తే కనుబొమల కింద రెండు నల్లగుంటలు, ముక్కు కింద ఒక మచ్చ. కొండ రాళ్ళు, కోనేటి మెట్లు, మనుషులు అన్నీ ఒకే తెల్లటి మంటలో కరిగిపోతాయి. అందుకనే మోనే వెలుగు మనకు కావాలంటే వేళ చూసుకోవాలి. దానికి మన భాష వేళకొక మాట ఇచ్చింది. లేత ఎండ, నీరెండ, మండుటెండ, వాటారిన పొద్దు, మునిమాపు, మసక వెలుతురు. నీరెండ అనే మాటలో ఎండలో నీళ్ళు కలిపి పల్చన చేసినట్లున్న భావన నాకు చాలా ఇష్టం. ఉదయం ఎనిమిదిలోపల, సాయంకాలం నాలుగున్నర దాటాక తిరుత్తణి కొండ మెట్లమీద కాసేపు కూర్చోండి. 365 మెట్లు అంటారు, అన్నీ ఎక్కనక్కరలేదు. పైనుంచి దిగివచ్చేవాళ్ళను కిందినుంచి చూస్తే వెనుక ఆకాశం, చీరె అంచుకు వెలుగు, ముఖంమీద నీడ, అన్నీ ఈ చిత్రంలో ఉన్నట్లే అమరుతాయి. ఆడికృత్తిక జనంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి, తోసుకొనిపోతారు.

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. విభావం రెండు విధాలని చదువుకొన్నారు. ఆలంబన విభావం, ఉద్దీపన విభావం. నాయికానాయకులు ఆలంబనం. వెన్నెల, మలయమారుతం, ఉద్యానం, కోకిల కూత ఉద్దీపనం. మన ప్రబంధాలలో చంద్రోదయ వర్ణన వచ్చిందంటే నాయిక విరహం ముదరబోతోందని అర్థం. వెన్నెల ఎంత బాగా వర్ణించినా అది నాయికకోసం వచ్చిన వెన్నెలే. చిత్రకళలోనూ ఇదే వరస. మోనేకంటె ఎనిమిదేళ్ళు చిన్నవాడైన రవివర్మను తీసికొనండి. ఆయన బొమ్మల అచ్చులు మన తాతల ఇళ్ళలో గోడలకు వేలాడాయి. వాటిలో స్త్రీ ముఖంమీద భావం స్పష్టంగా ఉంటుంది. ఎదురుచూపో, సిగ్గో, దుఃఖమో, వెలుగు వచ్చి దాన్ని చూపించిపోతుంది. దీపం పట్టుకొన్న దాసి చేసే పని అక్కడ వెలుగు చేస్తుంది.

మోనే బొమ్మలో వరస తారుమారైంది. కమీల్ ఆలంబనం, ఎండా గాలీ ఉద్దీపనం అనుకొని మొదలుపెడితే బొమ్మ అర్థం కాదు. ఎండా గాలీ ఎక్కడ ఆగి ఆమె ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేము. అవే గీతలు గడ్డిలో ఉన్నాయి, దుస్తులలో ఉన్నాయి, మబ్బులో ఉన్నాయి. మేలిముసుగు మబ్బులోకి కలిసిపోయింది. ఆకాశపు నీలం ఆమె నీడభాగంలోకి వచ్చి కూర్చొంది, గడ్డిపూల పసుపు చేతికి అంటింది. ఉద్దీపనమే ఆలంబనంలోకి దిగిపోయిందని అనవచ్చు. భావం ముఖంమీద లేదు కాబట్టి ముఖంమీద వెతికితే దొరకదు. అది బొమ్మ అంతటా పరచుకొని ఉంది.

ఏమిటా భావం? క్లాసులో ఒకరు శృంగారం అన్నారు, ఒకరు శాంతం అన్నారు. తొమ్మిదింటిలో ఒకటి చెప్పితీరాలని అనుకోవడం పరీక్షల జబ్బు. ఇంకొకరు నాట్యశాస్త్రంలో ఒక్కొక్క రసానికి ఒక్కొక్క రంగు చెప్పారు కదా, బీభత్సానికి నీలం, ఇక్కడ నీలం ఎక్కువుంది మరి అన్నాడు. తెలివైన ప్రశ్నే, కాని ఆ రంగులు రంగస్థలానికి ఏర్పరచుకొన్న సంకేతాలు. మోనే నీలం సంకేతం కాదు, ఆ రోజు ఆకాశం అలా ఉంది. నాకు తోచినది చెబుతాను. స్థాయీభావాల జోలికి పోకుండా సంచారిభావాల వైపు చూడండి. 33 అని లెక్కపెట్టి చదివారు. అలల్లాగా లేచి పడిపోయేవి. మన సిద్ధాంతం ప్రకారం అవి స్థాయిని పోషించి తప్పుకోవాలి. ఈ చిత్రంలో స్థాయి అంటూ ఏదీ లేకుండా సంచారిభావం ఒక్కటే ఉంది. ఆగిన అడుగు, ఎగిరిన ముసుగు, ఇంకో నిమిషంలో మారిపోయే మబ్బు. బాగుంది అని అనుకొనేలోపల అయిపోయేది. ఆ అయిపోయే గుణమే ఈ బొమ్మలో కొందరికి సంతోషంగానూ కొందరికి దిగులుగానూ తగులుతుంది. రెండూ తప్పు కావు.

ఇక్కడ చాలామంది వ్యాఖ్యాతలు కమీల్ మరణాన్ని తెచ్చి ఈ బొమ్మమీద పెడతారు. ఆమె 1879 సెప్టెంబరు 5న, 32 ఏళ్ళ వయసులో చనిపోయింది. చనిపోయిన ఆమె ముఖాన్ని మోనే చిత్రించాడు, ఆ చిత్రం పారిస్‌లో ఆర్సే మ్యూజియంలో ఉంది. తాను అంత ప్రేమించిన ముఖం ముందు కూర్చొని, మృత్యువు దానిమీద తెచ్చిన నీలం, పసుపు, బూడిద రంగుల మార్పులను తన కన్ను తనకు తెలియకుండానే లెక్కపెడుతోందని గ్రహించి భయపడ్డానని ముసలితనంలో మిత్రుడు క్లెమెన్సోతో చెప్పుకొన్నాడు. ఇది నిజంగా జరిగిన సంగతి, తెలిసినవాడు మరచిపోలేడు. అయినా 1875నాటి బొమ్మలో ఆ దుఃఖాన్ని వెతకడం సరికాదని నా అభిప్రాయం. గడ్డిమిట్టమీద నిలబడిన రోజున ఆమెకు గాని అతనికి గాని అది తెలియదు. తెలియకపోవడమే ఆ రోజు వెలుగులో ఉంది.

మరొక పదకొండేళ్ళకు, 1886లో, మోనే మళ్ళీ గొడుగు పట్టిన స్త్రీని మిట్టమీద నిలబెట్టి రెండు చిత్రాలు వేశాడు. ఒకదానిలో ఆమె కుడివైపు తిరిగి ఉంటుంది, ఒకదానిలో ఎడమవైపు. నిలబడినది సుజాన్ ఒషెదే, తరువాత అతనికి రెండో భార్య అయిన ఆలీస్ కూతురు. ఆ చిత్రాలకు ఆమె పేరు పెట్టలేదు, ఆరుబయట నిలిచిన మనిషి అనే అర్థం వచ్చేలా పెట్టాడు. వాటిలో ముఖం దాదాపు లేనే లేదు. మనిషిని కొండను వేసినట్లు, చెట్టును వేసినట్లు వేశాడు. ఈ రెండు బొమ్మలూ నాకు కొంచెం చల్లగా తగులుతాయి. పాతబొమ్మలో ముఖం ఇంకా పూర్తిగా పోలేదు, ఆ నాలుగు కుంచెదెబ్బల్లో ఆమె మనల్ని చూస్తూనే ఉంది. విద్యార్థిని ప్రశ్నకు ఈ తేడాలోనే సమాధానం ఉందేమో. ముఖం ఎంత తగ్గించినా ఆమె ఎవరో తెలిసే గీత ఒకటి ఉంది. 1875లో మోనే ఆ గీతకు ఇవతల ఉన్నాడు, 1886లో దాటిపోయాడు.

ఇదే కాలంలో రెన్వార్ చెట్లకింద మనుషులను వేశాడు. ఆకుల సందుల్లోంచి ఒంటిమీద పడే ఎండపొడలు అతని ప్రత్యేకత. ఎండలో స్త్రీని వేసిన అతని ఒక చిత్రాన్ని 1876 ప్రదర్శనలో చూసి, కుళ్ళిన మాంసంమీద పచ్చ, ఊదా మచ్చల్లా ఉన్నాయని ఆల్బేర్ వొల్ఫ్ అనే విమర్శకుడు దుమ్మెత్తిపోశాడు. చింతచెట్టుకిందో వేపచెట్టుకిందో మంచం వేసుకొని పడుకొన్నవాళ్ళను చూసి పెరిగిన మనకు ఆ మచ్చలు ఏమిటో తెలుసు. ఆ పొడలు గుండ్రంగా ఎందుకుంటాయో గమనించారా? ఆకుల సందు ఏ ఆకారంలో ఉన్నా ఒక్కొక్క పొడ సూర్యబింబపు ప్రతిరూపం. పాక్షిక సూర్యగ్రహణం రోజున చెట్టుకింద చూస్తే అవన్నీ నెలవంకలవుతాయి.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో ఒక మాట ఉంది: ఆచార్యులు రేఖను మెచ్చుకొంటారు, నేర్పరులు ఛాయలు తేర్చే పనిని, స్త్రీలు ఆభరణాన్ని, మిగిలిన జనం రంగుల సమృద్ధిని మెచ్చుకొంటారని. ఆ లెక్కన మోనే "మిగిలిన జనం" పక్షం. ఆయనను మెచ్చుకొనే నేను ఆచార్య పదవికి తగనేమో.

నా దగ్గర మా అమ్మ ఫోటో ఒకటే ఉంది. నా చిన్నతనంలో తిరువళ్ళూరులో ఒక స్టూడియోలో తీయించినది. వెనుక తెరమీద స్తంభాలు, పూలకుండీ. అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చొని ఉంది. ముఖం పూర్తిగా, ఏ నీడా లేకుండా ఉంది, మెడలో గొలుసు లెక్కపెట్టవచ్చు. ఎవరైనా గుర్తుపడతారు. కాని అమ్మ అనగానే నాకు కనిపించేది అది కాదు. వీరరాఘవస్వామి కోనేటి మెట్లమీద సాయంకాలం పూట ఆమె పైకి వస్తోంది, నేను కిందినుంచి చూస్తున్నాను. పాత నల్లగొడుగు, దాని చిల్లులోంచి భుజంమీద ఒక ఎండపొడ, తడిసిన చీరె అంచు. నీళ్ళమీదినుంచి కొట్టిన వెలుగు గడ్డం కింద కదులుతోంది. ముఖం కనిపించదు. ఎంత ప్రయత్నించినా ఆ జ్ఞాపకంలో ముఖం కనిపించదు. చాలా ఏళ్ళు దీన్ని నా మరపుకింద జమకట్టుకొని బాధపడ్డాను. ఆ రోజు క్లాసులో ఆ అమ్మాయికి చెప్పవలసింది ఇదే, కాని నోరు రాలేదు.

వచ్చేముందు వాళ్ళకు ఒక పని అప్పగించాను. ఇంట్లో ఒకరిని ఎంచుకొని, ముఖాన్ని వర్ణించకుండా, ఆ వేళ వెలుగు వాళ్ళమీద ఎలా పడిందో అరపేజీ తెలుగులో రాయాలి. "అందమైన", "ప్రకాశవంతమైన" అనే మాటలు వాడకూడదు. సూర్యుడు ఎటున్నాడో చదివేవాడికి తెలియాలి. పదిరోజులకు కాగితాలు పోస్టులో వచ్చాయి. చాలావాటిలో సూర్యుడు ఎటున్నాడో తెలియలేదు, మళ్ళీ రాయమని పంపాను. చివరి వరస అమ్మాయి తన అవ్వను రాసింది. మిద్దెమీద ఆరేసిన మిరపకాయలను పొద్దువాటారాక చేటలోకి ఎత్తుతున్న అవ్వ. మిరపకాయల ఎరుపు అవ్వ చేతులకిందా, రవికె మీదా కనిపించిందని రాసింది. అవ్వ వంగి ఉంది కాబట్టి ముఖం చూడలేదట. ఒకచోట "ఎండ" అని రాసి, కొట్టేసి, పైన "వెయిలు" అని రాసింది, తమిళపు మాటే, తెలుగు అక్షరాలలో. అవ్వ ఆ మాటే అంటుందని పక్కన చిన్న అక్షరాలతో సంజాయిషీ పెట్టింది. ఎర్రసిరా కలం చేతిలోనే ఉంది. దాన్ని దిద్దలేదు.